బొమ్మ ఒకచోట, మాట ఒకచోట

మన పెన్షనర్ల ఇళ్ళల్లో ఈమధ్య తరచు వినపడుతున్న ఫిర్యాదు ఒకటుంది. పాత పెళ్ళి వీడియోనో, షష్టిపూర్తి వీడియోనో పిల్లలు కంప్యూటరులోకి ఎక్కించి, అక్కర్లేని భాగాలు కత్తిరిద్దామని ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు తెరుస్తారు. బొమ్మ చక్కగా కదులుతుంది, శబ్దం మాత్రం రాదు. పురోహితుడి పెదవులు ఆడుతుంటాయి, మంత్రం వినపడదు. క్యాసెట్టు పాడైపోయిందని తీర్మానించి పాత సామానుల వాడికి వేసేసిన వారూ ఉన్నారు. ఆ తీర్మానం చాలాసార్లు తొందరపాటే. చలనచిత్రంలో బొమ్మ, శబ్దం మొదటినుంచీ రెండు వేర్వేరు వస్తువులు. ఒకటి ఉండి రెండోది తప్పిపోవడం ఈ కంప్యూటర్ల కాలంలో మొదలైంది కాదు, దానికి సుమారు నూట ముప్పై ఏళ్ళ చరిత్ర ఉంది.

థామస్ ఆల్వా ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు కనిపెట్టాడు. చెవికి ఫోనోగ్రాఫు చేస్తున్న పనిని కంటికి చేసే యంత్రం తయారు చేయాలన్న సంకల్పాన్ని 1888లో కాగితం మీద పెట్టాడు. ఆ పని చాలావరకు ఆయన సహాయకుడు డబ్ల్యు.కె.ఎల్. డిక్సన్ చేతిమీదుగా జరిగింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్ ఆరంజ్‌లో, తారు కాగితం కప్పిన ఒక నల్లని కొట్టు వారి స్టూడియో. దాని పేరు బ్లాక్ మరియా. ఎండ ఎటు ఉంటే అటు తిప్పుకునేలా కట్టారు. 1894 చివరిలోనో 1895 మొదట్లోనో అక్కడ ఒక ప్రయోగం చేశారు. డిక్సన్ స్వయంగా పెద్ద గొట్టం ముందు నిలబడి ఫిడేలు వాయించాడు. పక్కన ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నాట్యం చేశారు. కెమెరా బొమ్మ తీసింది. గొట్టంలోకి పోయిన ఫిడేలు నాదం మైనపు సిలిండరు మీద గీతలుగా పడింది. బొమ్మ నిడివి సుమారు 17 సెకన్లు. బొమ్మతో పాటు శబ్దాన్ని పట్టుకునే ప్రయత్నాల్లో మనకు మిగిలిన వాటిలో అతి పాతది ఇదే.

తరువాత రెండూ విడిపోయాయి. ఫిల్ము చేతులు మారి న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియానికి, అక్కడినుంచి అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది. చూసినవారికి అందులో ఫిడేలు కనపడింది గాని వినపడలేదు. సిలిండరు ఎడిసన్ ప్రయోగశాలలోనే ఉండిపోయింది. ఆ ప్రయోగశాల జాతీయ చారిత్రక స్థలంగా మారాక 1964లో వస్తువుల జాబితా రాస్తుండగా రెండు ముక్కలైన సిలిండరు ఒకటి బయటపడింది. దానిమీద ఫిడేలు అనీ, డిక్సన్ పేరూ, కైనెటోతో పాటు అనీ రాసి ఉంది. కైనెటో అంటే వారి బొమ్మల యంత్రం. ఆ చీటీ రాసిన పుణ్యాత్ముడెవరో గాని, రికార్డు రూముల్లో జీవితం గడిపిన మాబోటి వాళ్ళకు ఆ ఒక్క పంక్తి విలువ వేరే చెప్పనక్కరలేదు. అది లేకపోతే విరిగిన మైనపు ముక్కలు చెత్తబుట్టలో పడేవి.

1998లో ఆ ముక్కలను అతికించి, న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీ ధ్వని భాండాగారంలో నాదాన్ని టేపులోకి ఎక్కించారు. అయినా చిక్కు తీరలేదు. సిలిండరులో రెండు నిమిషాలకు పైగా శబ్దం ఉంది, బొమ్మ 17 సెకన్లే. ఏ ముక్క దేనికి? పైగా డిక్సన్ కెమెరా సెకనుకు సుమారు 40 బొమ్మలు తీసింది, తరువాతి యంత్రాలు 24, 30 చొప్పున నడుస్తాయి. ఈ పని వాల్టర్ మర్చ్ అనే సినిమా ఎడిటరు చేతికి వచ్చింది. 1996 నాటి ది ఇంగ్లీష్ పేషెంట్ చిత్రానికి ఎడిటింగు, శబ్దం రెండింటికీ ఆస్కారు పొందినవాడు. 2000లో ఆయన బొమ్మను, నాదాన్ని అవిడ్ అనే ఎడిటింగ్ యంత్రంలోకి ఎక్కించి, బొమ్మ వేగాన్ని 40కి సరిచేసి, కమాను కదలికకు స్వరాన్ని జత చూసుకుంటూ పోయాడు. ఒకచోట రెండూ కలిశాయి. నూరేళ్ళకు పైగా మూగబోయిన ఫిడేలు మళ్ళీ పలికింది.

ఆ తరువాతి కాలంలోనూ ఈ ఎడబాటు తప్పలేదు. 1926లో వార్నర్ బ్రదర్స్ వారు తెచ్చిన విటాఫోన్ పద్ధతిలో శబ్దమంతా 16 అంగుళాల గ్రామఫోను పళ్ళెం మీద ఉండేది, ఒక్కో రీలుకు ఒక్కో పళ్ళెం. ఫిల్ము తెగి నాలుగు బొమ్మలు పోతే ఆపరేటరు అన్నే నల్లబొమ్మలు అతికించాలి, లేదంటే పెదవి ఒకచోట, మాట ఒకచోట. పళ్ళెం పోయిన చిత్రాలు మూగవైపోయాయి. బొమ్మ పోయి పళ్ళెం మిగిలినవీ ఉన్నాయి. 1991 నుంచి కొందరు ఔత్సాహికులు ఆ జతలు వెతికి కలుపుతూ వచ్చారు.

మన దేశపు తొలి టాకీ ఆలం ఆరా 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. బొమ్మ, శబ్దం ఒకే ఫిల్ము మీద ఏకకాలంలో పడే పద్ధతి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో రైళ్ళ చప్పుడు లేని అర్ధరాత్రి వేళల్లో చిత్రీకరించారు. దానికి పనిచేసిన హెచ్.ఎం. రెడ్డిగారే 1932లో మన భక్త ప్రహ్లాద తీశారు. కలిసి ఉన్నందువల్ల క్షేమమా అంటే అదీ లేదు. ఆలం ఆరా ప్రతి ఒక్కటీ దొరకక, బొమ్మా మాటా రెండూ కలిసే పోయాయి.

మన ఇళ్ళలోని వి.హెచ్.ఎస్. క్యాసెట్టు సంగతి చూడండి. మామూలు పద్ధతిలో బొమ్మ టేపు మధ్యన ఏటవాలు గీతలుగా పడుతుంది, శబ్దం పై అంచున సన్నని దారిగా పోతుంది. అంచు నలిగితే మాట పోతుంది, బొమ్మ నిలుస్తుంది. కంప్యూటరు ఫైలు కూడా పైకి ఒకటే గాని, లోపల ఒకే అట్టలో కట్టిన రెండు ఫైళ్ళ వంటిది. బొమ్మకొక లిపి, శబ్దానికొక లిపి. సాఫ్ట్‌వేరుకు ఒక లిపి చదవడం వచ్చి రెండోది రాకపోతే మూగబొమ్మే గతి.

మా సహోద్యోగి ఒకాయన పదవీ విరమణ సభ క్యాసెట్టును ఇంటివారు చాలాకాలం క్రితమే ఒక స్టూడియోలో డివిడి చేయించారు. ఆయన కాలం చేశాక, ఆనాటి ప్రసంగం సంవత్సరీకం నాడు వినిపించాలని మనవడు ఎడిటింగుకు కూర్చుంటే శబ్దం లేదు. ఆ కుర్రవాడు గాభరా పడలేదు. ముందు డిస్కును మామూలు ప్లేయరులో వేశాడు, తాతగారి గొంతు పలికింది. అంటే శబ్దం ఉంది, చదివేవాడు లేడన్నమాట. సాఫ్ట్‌వేరులో బొమ్మ పట్టీ కింద ఉండవలసిన శబ్దపు పట్టీయే లేదు. పట్టీ ఉండి అలలు కనపడుతూ వినపడకపోతే మ్యూటు మీటనో, శబ్దం వేరే స్పీకరుకు పోతోందేమోనో చూడాలి. పట్టీయే లేకపోతే లిపి తేడా. డివిడిల్లో శబ్దం తరచు ఏసీ-3 అనే లిపిలో ఉంటుంది, కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవవు. అతను మరో ఉచిత ప్రోగ్రాముతో శబ్దాన్ని విడిగా తీసి, వేవ్ అనే సాదా రూపంలోకి మార్చి, బొమ్మ కింద పరిచాడు. సెకనుకు 48,000 నమూనాలు అనే వీడియో లెక్కే ఉంచాడు. దాన్ని పాటల సీడీల లెక్కయిన 44,100గా పొరపాటున చదివిస్తే గొంతు బరువెక్కి, మాట బొమ్మకు వెనకబడుతుంది. ప్రసంగం మొదటి మాట వినగానే ఆయన శ్రీమతిగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

డిస్కులోనే శబ్దం లేదని తేలితే క్యాసెట్టు దగ్గరకు తిరిగి వెళ్ళడం ఒక్కటే దారి. ఒక వి.సి.ఆర్.లో పలకని టేపు, శబ్దం చదివే హెడ్డు శుభ్రంగా ఉన్న మరో దాంట్లో పలకవచ్చు. అయితే జపాను కంపెనీ ఫునాయ్ 2016లో వి.సి.ఆర్.ల తయారీ ఆపేసింది. పనిచేసే యంత్రాలు నానాటికీ తగ్గుతున్నాయి కనుక, బీరువాల్లో క్యాసెట్లున్న మిత్రులు వాటి మీద పేరు, సంవత్సరం రాసిపెట్టి, ఆ పని ఈ ఏడాదిలోనే చేయించుకోగలరు.