విత్తనం దాచే చేతికి మైకు

రేడియోలో పర్యావరణం అంటే చాలామందికి గుర్తొచ్చేది జూన్ 5న ఒక ప్రసంగం, వానలు పడగానే మొక్కలు నాటమని ఒక ప్రకటన. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లోని సంఘం రేడియో చరిత్ర చూస్తే మాత్రం నేల సంగతి రేడియోలోకి నేలమీద పనిచేసే మనిషితోపాటే వస్తుందని తెలుస్తుంది. 2008 అక్టోబర్ 15న 90.4 ఎఫ్‌ఎం మీద మొదలైన ఈ కేంద్రం, దేశంలో స్వచ్ఛంద సంస్థలకు దక్కిన సామాజిక రేడియోల్లో మొదటిది. నడిపేది దళిత మహిళలు. పర్యావరణానికని విడిగా ఒక గంట కేటాయించుకునే అవసరం వాళ్లకు లేదు. విత్తనం దాచడం, పశువు జబ్బు, వంట, పండగపాట అన్నీ వాళ్లకు ఒకే బతుకులోవి.

ఆకాశవాణి వ్యవసాయ ప్రసారాల ఘనతను తగ్గించడం నా ఉద్దేశం కాదు. తిండిగింజల కొరత పీడించిన 1960లలో తంజావూరు రైతులు ఏడీటీ 27 వరిని రేడియో పేరుతోనే పిలుచుకున్నారు. అంతగా ఆ మాట పొలాలకు చేరింది. కానీ అది పరిశోధన కేంద్రం నుంచి పొలానికి వచ్చిన మాట. నీళ్లున్న డెల్టాలో పనికొచ్చిన ఆ సలహా వానమీదే బతికే జహీరాబాద్ ఎర్రచెలకలకు సరిపోదు. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, సామ, అనుము కలిపి వేసే తెలివి ఇక్కడి ఆడవాళ్లది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరూరా వాళ్ల సంఘాలను నిలబెట్టింది. ఆ సంఘాల గొంతు గాలిలోకి రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. 1995లో సుప్రీంకోర్టు, మన జస్టిస్ జీవన్‌రెడ్డి కూడా ఉన్న ధర్మాసనం, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. యునెస్కో సాయంతో 1998లో మాచ్‌నూర్‌లో రికార్డింగు మొదలైనా ప్రసారానికి అనుమతి లేదు. 2006లో కేంద్ర ప్రభుత్వం విధానం మార్చి, ఆపైన లైసెన్సు వచ్చేదాకా క్యాసెట్లు నింపి సంఘాల్లో వినిపించారు. ఆ ఏళ్లే ఈ రేడియోకు స్వభావాన్నిచ్చాయని నా నమ్మకం. వినేవాళ్లు ఎదురుగా కూర్చునే చోట తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం కుదరదు.

పాతిక కిలోమీటర్లు దాటని గొంతుతో ఏం సాధిస్తారని అడగవచ్చు. ఎర్రచెలకకు చెప్పిన విత్తు సలహా నల్లరేగడికి పనికిరాదు కాబట్టి ఇక్కడ ఆ హద్దే మేలు. పత్తీ చెరకూ డబ్బు తెస్తుంటే జొన్నను పొగడటం పాతకాలపు మోజు కాదా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. చౌక బియ్యం ఇంటికొచ్చాక జొన్నచేలు తగ్గిన మాట నిజం. అయితే ఈ సంఘాలు 1990లలోనే బీడుపడ్డ చెలకలను సాగులోకి తెచ్చి, పండిన జొన్నను ఊళ్లోని పేదలకు చౌకగా పంచే ఏర్పాటు చేశాయి. మైకు ముందు వాళ్లు చెప్పేది తాము చేసి చూసిన పని. దాన్ని మోజు అనడం అన్యాయం.

నాకున్న అసలు అసంతృప్తి విధానంతోనే. సామాజిక రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. తర్వాత వచ్చిన సడలింపు కూడా ఆకాశవాణి వార్తలను యథాతథంగానో స్థానిక భాషలోనో తిరిగి వినిపించడం వరకే. చెరువులో ఫ్యాక్టరీ నీళ్లు కలిస్తే, ఆ నీళ్లు తాగిన గొడ్డుకు ఏ మందు వేయాలో ఈ రేడియో చెప్పవచ్చు. నీళ్లు కలిశాయన్న వార్తను మాత్రం చెప్పకూడదు. పర్యావరణ ప్రసారాలను ప్రోత్సహిస్తామనే ప్రభుత్వం ముందు ఈ నిషేధాన్ని ఎత్తివేయాలి.