ఎల్‌కేజీలో 'జీ' అంటే తోట

మన పిల్లలందరూ ఎల్‌కేజీ, యూకేజీ దాటుకునే పెద్ద బడికి వెళ్తారు. ఫీజు రసీదు మీదా, పుస్తకాల అట్టల మీదా ఆ అక్షరాలు చూస్తూనే ఉంటాం. కేజీ అంటే కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో కిండర్ అంటే పిల్లలు, గార్టెన్ అంటే తోట. పిల్లల తోట అన్నమాట! ముద్దుగా పెట్టుకున్న పేరు అనుకుంటాం కానీ, మొదట్లో అక్కడ నిజంగానే తోట ఉండేది. పిల్లలే మట్టి తవ్వి, విత్తనాలు వేసి పెంచుకున్న తోట.

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఫోను దగ్గర నుంచి ఎలా లేపాలా అని మనమందరం తల పట్టుకునే రోజులు కదా ఇవి. అందుకే ఆ తోట కథ చెప్పాలనిపించింది.

ఆ తోట వేసినాయన పేరు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1782లో జర్మనీలోని తురింజియా ప్రాంతంలో పుట్టాడు. ఏడాది నిండకుండానే తల్లి పోయింది. తండ్రి చర్చిలో పాస్టరు. ఊరి పనులతో తీరిక లేని మనిషి. సవతి తల్లి దగ్గర ఆదరణ దొరకలేదు. ఆ ఒంటరి పిల్లాడికి ఇంటి దగ్గరి తోటా, చెట్లూ తోడయ్యాయి. పదిహేనేళ్ళకి అడవుల పని నేర్చుకోవడానికి వెళ్ళాడు. తల్లి ఒడి దొరకని బిడ్డే పెద్దయ్యాక లోకంలోని పసిపిల్లలందరి గురించీ ఆలోచించాడంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

1837లో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఆయన పసిపిల్లల కోసం ఒక బడి మొదలుపెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పాటలు, చెక్క దిమ్మలతో ఆటలు, తోటపని, ఇవే అక్కడి చదువు. పిల్లలకి నేర్పడానికి యువతులకి శిక్షణ ఇచ్చాడు. ఆడవాళ్ళు బయటికెళ్ళి ఉద్యోగం చేయడమే అరుదైన రోజులవి.

ఆ తోట వేసిన తీరు నాకు భలే నచ్చింది. ఒక్కో బిడ్డకీ ఒక్కో చిన్న మడి. అందులో ఏం వేసుకోవాలో ఆ బిడ్డ ఇష్టం. ఆ చిన్న మళ్ళ చుట్టూ అందరికీ కలిపి ఉమ్మడి మళ్ళు. అక్కడ పని అందరిదీ, పంటా అందరిదే. 'నాది' మధ్యలో, దాన్ని కాపాడుతూ చుట్టూ 'మనది'.

ఇంత చిన్న తోటని చూసి ఒక ప్రభుత్వం భయపడిందంటే నమ్ముతారా? 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లని నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నారని నింద. ఫ్రోబెల్ అన్నకొడుకు రాతల్ని ఈయనకి అంటగట్టారని అంటారు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో. అది ఆయన చూడలేదు.

కానీ విత్తనం అప్పటికే ఎగిరిపోయింది. ఆయన పద్ధతి నేర్చుకున్న మార్గరెట్ షుర్జ్ అనే జర్మన్ ఆవిడ అమెరికా వెళ్ళి, 1856లో విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో కూతురినీ, చుట్టాల పిల్లల్నీ కూర్చోబెట్టుకుని తన ఇంట్లోనే కిండర్‌గార్టెన్ నడిపింది. అమెరికాలో అదే మొదటిది. అంటే అక్కడ ఇది మొదలైంది ఒక తల్లి ఇంట్లో!

అలా దేశాలు తిరిగి ఆ పేరు మన వీధి చివరి బడి దాకా వచ్చింది. తోట మాత్రం చాలాచోట్ల దారిలోనే ఆగిపోయింది. మూడేళ్ళ పిల్లకి అక్షరాలు దిద్దడం హోంవర్కుగా వచ్చింది. బడికి రాని తోటని సెలవుల్లో మనం తెచ్చుకోవచ్చు.

మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో పోయిన వేసవిలో ఇదే చేశాం. పాపకో కుండీ, బాబుకో కుండీ, పేర్లు రాసి అతికించాం. ఇద్దరికీ కలిపి వెడల్పాటి తొట్టిలో మెంతులు చల్లాం. పాప వేసిన బెండ గింజలు వారంలో మొలిచాయి. వాడు మాత్రం మొలిచిందో లేదోనని రోజూ గింజని తవ్వి చూసేవాడు. ఇంకేం మొలుస్తుంది! ఏడుపు మొహం పెట్టాడు. మా అత్తయ్యగారు వాణ్ణి తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, "ఈ మెంతులు నీవి కూడా కదరా" అన్నారు. అప్పటికి అవి పచ్చగా తలలెత్తి ఉన్నాయి. ఫ్రోబెల్ చుట్టూ ఉమ్మడి మళ్ళు ఎందుకు వేయించాడో నాకు అప్పుడు బాగా అర్థమైంది. తన మడి ఎండినా ఏ బిడ్డా ఒట్టి చేతులతో మిగిలిపోకూడదు.

మీరూ మొదలుపెట్టండి. ఎండ ముదరకముందే, పొద్దున్నే. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి కాబట్టి చిన్నపిల్లలకి అవే మేలు. తోటకూర చల్లితే బడి తెరిచేలోగా పప్పులోకి వస్తుంది. ఒక్కటే నియమం: వాళ్ళ కుండీలో మనం చెయ్యి పెట్టకూడదు. నీళ్ళు ఎక్కువ పోసినా, వంకరగా నాటినా వాళ్ళ మడి, వాళ్ళ ఇష్టం.