వైన్ లేని ఫాండ్యూ: అమ్మ అడ్డం చెప్పాక నేను చదివిన చరిత్ర

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో, మా వంటింట్లో కూర్చుని చేస్తున్నాను. మాది మాడుగుల. చోడవరం దాటి పాడేరు కొండల వైపు వస్తుంటే కొండల కింద ఉంటుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఊరి పేరు వినగానే మీకు హల్వా గుర్తొచ్చే ఉంటుంది. హల్వా దగ్గరికి కూడా వస్తాం, కానీ ఈరోజు అసలు విషయం ఫాండ్యూ.

ఫాండ్యూ అంటే స్విట్జర్లాండ్ వంటకం. చీజ్ కరిగించి, గిన్నెని బల్ల మధ్యలో చిన్న మంట మీద పెట్టి, పొడుగాటి ఫోర్కుకి రొట్టె ముక్క గుచ్చి అందులో ముంచుకుని తింటారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక టీమ్ డిన్నర్‌లో మొదటిసారి తిన్నాను. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మకి చేసి పెడదామని రెసిపీ చదివి వినిపిస్తున్నాను. "ఒక గ్లాసు వైట్ వైన్" అనగానే అమ్మ ఆపేసింది.

"ఏటిరా, మందు పోసి వండుతావా? ఆ గిన్నె నా పొయ్యి మీద ఎక్కదు."

నేను పెద్ద తెలివిగా, "మరిగిస్తే ఆల్కహాల్ అంతా ఎగిరిపోద్దమ్మా" అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు. లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, సారా తాగేవాడు. ఇంట్లో ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే ఎలా మాయమయ్యాయో అమ్మ ఒక్కసారే చెప్పింది, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు. అది తెలిసి కూడా ఆ మాట అన్నాను. అందుకే ఆ రాత్రి కూర్చుని రెండు విషయాలు వెతికాను. ఒకటి, నేను అమ్మకి చెప్పింది నిజమేనా? రెండు, వైన్ లేకపోతే అది ఫాండ్యూ అవుతుందా, అవదా?

మొదటిదానికి జవాబు త్వరగానే దొరికింది. నేను చెప్పింది తప్పు. అమెరికా వ్యవసాయ శాఖ దీని మీద ఒక పట్టిక ఇచ్చింది. ఆల్కహాల్ కలిపిన వంటని పదిహేను నిమిషాలు సన్న సెగ మీద ఉడికించినా దాదాపు 40 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. గంట ఉడికించినా 25 శాతం ఉంటుంది. ఫాండ్యూ పదిహేను నిమిషాల వంట. పైగా చాలా రెసిపీల్లో చివర్లో కిర్ష్ అని చెర్రీ పళ్ళతో చేసిన గట్టి సారా కూడా పోస్తారు. అది ఎగిరిపోవడానికి టైమే ఉండదు. అమ్మ సైన్స్ చదవలేదు, కానీ ఈ విషయంలో బీటెక్ చదివిన నాకంటే ఆవిడే కరెక్ట్.

రెండో ప్రశ్నకి చరిత్రలోకి వెళ్ళాలి.

మామూలుగా చెప్పే కథ ఇలా ఉంటుంది. ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపరులు చలికాలంలో గట్టిపడ్డ చీజ్, ఎండిపోయిన రొట్టె పారేయలేక, వైన్‌లో కరిగించుకుని తిన్నారు, అదే ఫాండ్యూ అయింది అని. వినడానికి బాగుంటుంది. కానీ రాతలో దొరికే తొలి రెసిపీల్లో ఒకటి కొండల మీదది కాదు. 1699 నాటి జ్యూరిక్ పట్నం వంట పుస్తకంలో ఉంది, చీజ్‌ని వైన్‌తో వండే పద్ధతి అని. దానికి అప్పుడు ఫాండ్యూ అన్న పేరు లేదు.

ఆ పేరుతో బాగా ప్రసిద్ధికెక్కిన పాత రెసిపీ ఫ్రాన్స్‌లో అచ్చయింది. 1825లో బ్రియా సావరాఁ అనే న్యాయమూర్తి తిండి గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఫాండ్యూకి ఆయన లెక్క ఇదీ: గుడ్లు తూకం వేయండి, ఆ బరువులో మూడో వంతు గ్రూయేర్ చీజ్, ఆరో వంతు వెన్న. గిన్నెలో వైన్ చుక్క కూడా లేదు! వైన్ పక్కన తాగడానికే. ఈరోజు మనం చూస్తే దాన్ని చీజ్ వేసిన గుడ్డు పొరటు అంటాం.

మరి ఇప్పుడు మనకి తెలిసిన వైన్ ఫాండ్యూ స్విట్జర్లాండ్ జాతీయ వంట ఎప్పుడయింది? 1914లో అక్కడ స్విస్ చీజ్ యూనియన్ అని ఒక సంస్థ మొదలైంది. పాల రైతుకి ఎంత ఇవ్వాలి, చీజ్ ఎంతకి అమ్మాలి, ఎవరు ఎంత తయారు చెయ్యాలి, అంతా దాని చేతుల్లోనే ఉండేది. 1930ల నుంచి ఆ యూనియన్ ఫాండ్యూని దేశం మొత్తానికి ఒకే వంటగా ప్రచారం చేసింది. ఉద్దేశం సింపుల్, ఇంట్లో చీజ్ ఎక్కువ ఖర్చవ్వాలి. 1999లో ఆ యూనియన్ మూతపడింది, ఫాండ్యూ మాత్రం ఉండిపోయింది. అంటే మనం తరతరాల సంప్రదాయం అనుకునేదాన్ని ఊరూరా చేర్చింది చాలావరకు మార్కెటింగే.

ఇక్కడ ఇంకో విషయం నన్ను బాగా ఆపింది. ఫ్రీబూర్ అని స్విట్జర్లాండ్‌లో ఒక ప్రాంతం ఉంది. అక్కడ వాషెరాఁ అనే మెత్తని చీజ్‌తో చేసే ఫాండ్యూలో పాత పద్ధతి ప్రకారం వైన్ పొయ్యరు. నీళ్ళు పోస్తారు. నీళ్ళు గోరువెచ్చగా చేసి, మరగనివ్వకుండా, చీజ్ మెల్లగా కరగనిస్తారు. అమ్మ అడిగిన ఫాండ్యూ అక్కడ ఎప్పటినుంచో ఉంది. నేను చదివిన రెసిపీ సైట్లలో ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు.

మందు వద్దనే గొడవ కూడా వాళ్ళకి కొత్త కాదు. 1877లో జెనీవాలో బ్లూ క్రాస్ అనే మద్యపాన వ్యతిరేక సంఘం మొదలైంది. 1908లో స్విస్ జనం ఓటేసి ఆబ్సింత్ అనే సారాని నిషేధించారు. మ్యూలర్ టుర్‌గావ్ అనే స్విస్ ద్రాక్ష శాస్త్రవేత్త, ఆయన పేరుతో ఒక ద్రాక్ష రకమే ఉంది, 1890లలో పళ్ళ రసాన్ని పులవకుండా, ఆల్కహాల్ రాకుండా నిలవ చేసే పద్ధతి మీద పని చేశాడు. ఈరోజు వైన్ బదులు ఆపిల్ జ్యూస్ పోసి ఫాండ్యూ చేసేవాళ్ళు ఆయనకి కొంచెం రుణపడి ఉన్నట్టే.

ఇక మన దగ్గరికి వస్తే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు, రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం పెట్టింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ప్రభుత్వాలు పెట్టాయి, తీశాయి. మా అమ్మ పొయ్యి దగ్గర మాత్రం ఇంకా ఎత్తేయలేదు.

సరే, వైన్ తీసేస్తే దాని పని ఎవరు చేస్తారు? చీజ్‌లో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఆ ప్రోటీన్లని కాల్షియం ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. ఊరికే వేడి చేస్తే ప్రోటీన్ ముద్దకట్టి, నెయ్యి పైకి తేలిపోతుంది. వైన్‌లోని పులుపు ఆ కాల్షియాన్ని కొంత లాగేసి, ప్రోటీన్‌ని వదులు చేస్తుంది. అంటే పనిచేసేది పులుపు. ఆ పులుపు నిమ్మకాయలోనూ ఉంది. ఇంకా చెప్పాలంటే, నిమ్మలోని సిట్రేట్ ఈ పనికి చాలా మంచిది. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్ పట్నంలో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు సోడియం సిట్రేట్ వేసి చీజ్ కరిగించే ప్రాసెస్డ్ చీజ్ చేశారు. మన కిరాణా షాపులో దొరికే ప్రాసెస్డ్ చీజ్ డబ్బా వెనక ఎమల్సిఫయర్ 331 అని ఉంటే, అదే సోడియం సిట్రేట్. అందుకే అది అంత నున్నగా కరుగుతుంది. పనీర్‌తో మాత్రం ప్రయత్నించకండి. మరిగే పాలని పులుపుతో విరగ్గొట్టింది కాబట్టి అది కరగదు, మెత్తబడుతుందంతే.

రెండో పని పిండిది. నెయ్యి విడిపోకుండా పట్టి ఉంచడానికి ఫాండ్యూలో కార్న్‌ఫ్లోర్ వేస్తారు. ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. మా ఊరి హల్వాలో అంత నెయ్యిని ఏది పట్టి ఉంచుతుంది? గోధుమ పాలు! గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండిన పాలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దంగేటి వారి కుటుంబం మొదలుపెట్టిందని ఊళ్ళో చెప్పుకునే ఆ హల్వా నిలబడేది ఈ పిండి పదార్థం మీదే.

ఇప్పుడు కొలతలు రాసుకోండి. గౌడా చీజ్ 150 గ్రాములు, ప్రాసెస్డ్ చీజ్ 100 గ్రాములు, రెండూ తురుముకోండి. రెండు చిన్న చెంచాల కార్న్‌ఫ్లోర్ తురుముకి పట్టించండి. గిన్నె లోపల వెల్లుల్లి రెబ్బ రుద్ది, 120 మిల్లీలీటర్ల నీళ్ళు, రెండు చిన్న చెంచాల నిమ్మరసం పోసి వేడెక్కనివ్వండి. సన్న సెగ మీద గుప్పెడు గుప్పెడు చీజ్ వేస్తూ కలపండి. మరిగించొద్దు. చివర్లో మిరియాల పొడి. ఉప్పు అక్కర్లేదు, చీజ్‌లోనే ఉంటుంది. గట్టిగా అయిపోతే కొంచెం వేడి నీళ్ళు. ముంచుకోవడానికి రొట్టె, ఉడికించిన బంగాళాదుంప. మా ఇంట్లో చిలగడదుంప కూడా పెట్టాం.

మొదటిసారి చేసినప్పుడు మంట ఎక్కువ పెట్టాను, నెయ్యి తేలిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "కార్న్‌ఫ్లోర్ ఏటి, గోధుమ పాలు పొయ్యి" అంది. రెండోసారి పేరిన గోధుమ పాలు రెండు చెంచాలు ముందే నీళ్ళలో ఉడికించి, చిక్కబడ్డాక చీజ్ వేశాను. నున్నగా వచ్చింది.

అమ్మ గిన్నె దగ్గరికొచ్చి ముందు వాసన చూసింది. తర్వాత చిలగడదుంప ముక్క ముంచుకుని తింది. "బాగానే ఉంది, కొంచెం ఉప్పెక్కువ" అని ఇంకో ముక్క గుచ్చుకుంది. ఆ రోజు అన్న మాటకి నేను విడిగా సారీ చెప్పలేదు. ఈ ఎపిసోడ్ ఆవిడ చూస్తుంది కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను. సారీ అమ్మా, నువ్వు చెప్పిందే కరెక్ట్.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.