క్యాన్సర్ రోగుల్లో అవకాశవాద ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ల నిర్ధారణ

గాలితో పాటు రోజూ ఊపిరితిత్తుల్లోకి చేరే బూజు రేణువులు, ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రాణంగా ఉండే క్షయ క్రిములు ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయవు. క్యాన్సర్ వల్లో, కీమోథెరపీ వల్లో, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్ల వల్లో రోగనిరోధక శక్తి పడిపోతే అవే న్యుమోనియా తెచ్చిపెడతాయి. లుకేమియా రోగులకు, మూలకణ మార్పిడి జరిగినవారికి ఈ ముప్పు ఎక్కువ.

న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 500 కంటే తగ్గినప్పుడు జ్వరం వస్తే దాన్ని అత్యవసర స్థితిగానే చూడాలి. రక్తాన్ని కల్చర్‌కు పంపి, ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. చీము పట్టడానికి కావలసిన ఈ కణాలే లేనప్పుడు కఫం పెద్దగా పడదు, ఎక్స్‌రేలో మచ్చ కూడా కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని ఊరుకోవడం ఇక్కడ ప్రమాదకరం. జ్వరం మందులకు లొంగకపోతే సి.టి. స్కాన్ వెంటనే తీయించాలి. అందులో గడ్డ చుట్టూ పలుచని మసక వలయం ఉంటే ఆస్పర్జిల్లస్ బూజును అనుమానిస్తారు. ఆ మసక వలయం గడ్డ చుట్టూ చిమ్మిన రక్తం. వారం తిరిగేసరికి చెరిగిపోవచ్చు కూడా.

తర్వాతిది బ్రాంకోస్కోపీ. సన్నని గొట్టాన్ని శ్వాసనాళంలోకి దించి, సెలైన్ వదిలి, తిరిగి లాగి, ఆ ద్రవాన్ని ల్యాబ్‌కు పంపుతారు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ముక్క తీయడానికి వీల్లేనివారిలోనూ ఈ కడుగు పరీక్ష చాలావరకు సాధ్యమే. ఆక్సిజన్ తక్కువగా ఉన్నవారికి మాత్రం ఆయాసం పెరగవచ్చు.

ఆ ద్రవంలోనూ రక్తంలోనూ గెలాక్టోమానన్ కోసం వెతుకుతారు. ఇది ఆస్పర్జిల్లస్ కణాల గోడలో ఉండే చక్కెర పదార్థం. 2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో దేశాన్ని వణికించిన మ్యూకర్ ఈ పరీక్షకు దొరకదు, బూజులను గుర్తించే మరో పరీక్ష అయిన బీటా గ్లూకాన్‌కూ దొరకదు. ఆస్పర్జిల్లస్‌కు వాడే వోరికొనజోల్ మ్యూకర్‌పై పనిచేయదు, దానికి ఆంఫోటెరిసిన్ కావాలి. కాబట్టి గెలాక్టోమానన్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన బూజు లేదనుకోకూడదు.

న్యూమోసిస్టిస్ అనే మరో బూజు మామూలు కల్చర్‌లో పెరగదు. ప్రత్యేక రంజనంతో, పి.సి.ఆర్.తో పట్టుకుంటారు. మన దేశంలో క్షయకు సి.బి. న్యాట్ పరీక్ష తప్పనిసరిగా జోడించాలి. సుమారు రెండు గంటల్లో క్షయ క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే క్షయ మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతుంది.

బ్లియోమైసిన్, మెథోట్రెక్సేట్, కొన్ని ఇమ్యునోథెరపీ మందులు కూడా ఊపిరితిత్తులను వాచేలా చేస్తాయి, అది స్కాన్‌లో ఇన్ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది. ఆ వాపుకు స్టెరాయిడ్లే మందు. బూజు ఉన్నవారికి అవే ఇస్తే జబ్బు ముదురుతుంది.