గవీనిలో రాయి

అమరకోశంలోని మనుష్యవర్గాన్ని వల్లె వేసే రోజుల్లో అశ్మరి, మూత్రకృచ్ఛ్రం అనే రెండు మాటలు పర్యాయపదాలుగా నా నోటికి వచ్చాయి. అశ్మమంటే రాయి, కృచ్ఛ్రమంటే కష్టం. అమరసింహుడు రెండింటినీ ఒక్కచోట కట్టివేశాడు. రాయి వేరనీ, కష్టం వేరనీ, రెండవది పోయినంత మాత్రాన మొదటిది పోయినట్లు కాదనీ తెలియడానికి మా ఇంట్లో ఒక మూత్రపిండం ఖర్చయింది. ఆ కథతో పాటు, మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని కోత లేకుండా తీయడం మనుషులు ఎలా నేర్చుకున్నారో ఈ టపాలో వ్రాస్తాను. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పండితుణ్ణి. మాటల వెంట పోయి విషయానికి చేరడం నా అలవాటు. మిత్రులు సహించాలి.

ముందు ఒక మాట సంగతి. మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి దిగే రెండు సన్నని గొట్టాలను మన పాఠ్యపుస్తకాలు మూత్రనాళాలన్నాయి. అంతకంటె పాత పేరు గవీని. అథర్వవేదం మొదటి కాండ మూడవ సూక్తంలో ఇది ద్వివచనంలో కనబడుతుంది. మూత్రం బిగబట్టిన రోగి కోసం చెప్పిన సూక్తమది. పేగుల నుంచి వెలువడిన మూత్రాన్ని మూత్రాశయానికి చేర్చే, రెండు ప్రక్కలా ఉండే నాడులని సాయణుడు వాటికి అర్థం చెప్పాడు. పేగుల నుంచి అనడం పొరపాటే. అయినా రెండనీ, చెరొక ప్రక్కననీ అనడం గమనించదగ్గది. ఆ సూక్తంలోనే ఋషి ఒక ఉపమానం వాడతాడు: చెరువుకట్ట తెగ్గొట్టి నీరు వదిలినట్లు నీకు దారి తెరుస్తున్నానంటాడు.

శామీర్‌పేట పెద్దచెరువు కట్టమీద నిలబడి చూసినవారికి ఈ ఉపమానాన్ని విప్పి చెప్పనక్కరలేదు. తూములో బండ అడ్డుపడితే ముందున్న పొలం ఎండుతుంది, వెనుక నీరు పెరుగుతుంది. చెరువుకైతే అలుగు ఉంటుంది. మూత్రపిండానికి అలుగు లేదు. గవీని పొడవు సుమారు పది అంగుళాలు, లోపలి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. అది మూత్రపిండం నుంచి బయలుదేరేచోట, నడుము దిగువన పెద్ద రక్తనాళాలను దాటేచోట, మూత్రాశయంలోకి చొచ్చుకొనేచోట మరింత ఇరుకు. రాయి నిలిచేది సాధారణంగా ఈ మూడింటిలో ఒకచోటనే. వెనుక మూత్రం తన్నుకొని పిండం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వల్లనే ప్రాణం పోయేంత నొప్పి.

సుశ్రుతుడు అశ్మరిని అష్టమహాగదాలలో ఒకటిగా లెక్కించాడు. తొలిదశలో ఔషధం, లొంగకపోతే శస్త్రం. శస్త్రం పట్టకపోతే మరణం నిశ్చయం, పట్టితే సంశయం, కాబట్టి ప్రభువుకు విన్నవించి మరీ మొదలుపెట్టమన్నాడు. ఈనాడు ఆసుపత్రిలో మనచేత సంతకం పెట్టించుకొనే కాగితానికి ఇది తాతముత్తాత. బలిష్ఠుడైన సహాయకుని ఒడిలో రోగిని వెల్లకిల పరుండబెట్టి, ఎడమచేతి వ్రేళ్ళను గుదద్వారం గుండా పోనిచ్చి, పొత్తికడుపు నొక్కుతూ రాయిని క్రిందికి దించి, సీవనికి ఎడమప్రక్కన యవగింజంత ఎడంగా కోయమన్నాడు. చివర ఒక హెచ్చరిక: రాతిపొడి రవంత మిగిలినా మళ్ళీ పెరుగుతుందట, అందుచేత సాంతం తీయాలి.

మా గురువులు ఈ ఘట్టం చెప్పేటప్పుడు పొంగిపోయేవారు. నేనూ నా విద్యార్థుల ముందు పొంగిపోయాను. అయితే నిదానంగా చదివితే అర్థమయ్యేదేమంటే, ఇదంతా మూత్రాశయంలోని రాయి సంగతి. వ్రేలికి అందేది అదే. మూత్రం మూత్రాశయానికి ఎలా వస్తుందో చెప్పవలసిన చోట ఆ మహాశస్త్రవేత్త, కంఠం దాకా నీట ముంచిన కొత్తకుండ ప్రక్కల నుంచి ఊరి నిండినట్లు అని ఊరుకున్నాడు. వేదం రెండని చెప్పిన దారులు ఆయన వద్దకు వచ్చేసరికి వేలాది సూక్ష్మముఖాలైపోయాయి. ఇది నింద కాదు. కత్తి ఎంత పదునైనదైనా కన్ను పోనిచోటికి పోలేదు.

పడమటి దేశాలవారిదీ ఇదే తీరు. రాయి కోసం కోయనని, ఆ పని చేసేవారికి వదిలేస్తానని హిప్పోక్రటీసు ప్రమాణంలో ఉంది. లండనులో శామ్యూల్ పీప్స్ 1658 మార్చి 26న మత్తుమందు లేకుండా రాయి కోయించుకొని బ్రతికి, ఏటా ఆ తేదీన విందు చేసేవాడు. 1824లో పారిస్‌లో సివియాల్ ప్రసేకం గుండా పరికరం పోనిచ్చి కోత లేకుండానే రాయిని పిండి చేశాడు. అన్నీ మూత్రాశయపు రాళ్ళే. గవీనిలోని రాయికి మాత్రం నీరు త్రాగడం, దైవప్రార్థన, తరువాతి కాలంలో నడుము ప్రక్క నుంచి జానెడు కోత. వేరే మార్గం లేదు.

ఇక మా నాయన సంగతి. 1976లో ఆయనకు ఎడమ డొక్కలో పోటు వచ్చింది. ఊరిలో అందరూ చెప్పిన మందు కొండపిండి. తెలగపిండి ఆకు అనీ అంటారు. నూనె తీసిన నువ్వుల తెలగపిండితో దీనికి సంబంధం లేదు. కొండనే పిండి చేసేది అనే నమ్మకం పేరులోనే ఉంది. సంస్కృతంలో పాషాణభేది అన్నదీ అదే నమ్మకం, ఆ పేరుతో పిలిచే మొక్కలు మాత్రం పలు ప్రాంతాల్లో పలు రకాలు. గట్లమీద ఆ ఆకు కోసుకొచ్చినవాణ్ణి నేనే. కషాయం, ఉలవకట్టు, మళ్ళీ కషాయం. నెల తిరక్కుండా నొప్పి పోయింది. రాయి కరిగిందని ఇల్లంతా సంతోషించాం. రెండేళ్ళకు చలిజ్వరంతో మేడ్చల్‌లో మీటరుగేజి రైలెక్కించి నగరానికి తీసుకుపోయాం. రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో ఎడమ పిండం జాడ లేదు. రాయి నాళంలో ఉన్నచోటనే ఉంది. పిండాన్ని తీసివేశారు.

నొప్పి ఎందుకు పోయిందో చాలాకాలానికి ఒక వైద్యుడు చెప్పాడు. అడ్డు అలాగే ఉంటే కొన్నాళ్ళకు పిండం పని తగ్గించుకుంటుంది, లోపలి ఒత్తిడి దిగుతుంది, నొప్పి సద్దుకుంటుంది. అది నయం కావడం కాదు, పిండం ఆరిపోవడం. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. ఆ పుణ్యం అప్పటికి త్రాగుతున్న కషాయానికి దక్కుతుంది. కొండపిండి మీద నాకు కోపం లేదు, సంక్రాంతికి పప్పులో వేసుకొని తింటూనే ఉన్నాం. కోపం నామీదనే.

కత్తి పోనిచోటికి కన్ను ఎలా పోయిందన్నది తరువాతి చరిత్ర. 1879లో వియన్నాలో నిట్జె చూపిన మూత్రాశయదర్శిని కొసన ఎర్రగా కాగిన ప్లాటినం తీగ దీపం. అది కాల్చకుండా చుట్టూ చల్లని నీరు పారేది. 1912లో బాల్టిమోరులో హ్యూ హాంప్టన్ యంగ్ ఒక పసిబిడ్డను పరీక్షిస్తుండగా, అడ్డువల్ల బాగా వెడల్పైన గవీనిలోకి దర్శిని దూరి, పిండం దాకా పోయింది. ఆ దారిన పోయిన మొదటి చూపు అదే. కాని మామూలు గవీనిలో అది సాధ్యం కాదు. వెలుగు వంగాలి, గొట్టం సన్నబడాలి.

వెలుగును వంచినవారిలో మనవాడొకడున్నాడు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండనులో తన ఆచార్యుడు హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చునని 1954లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. పదేళ్ళకు, 1964లో, మార్షల్ అనే అమెరికా వైద్యుడు అటువంటి గాజుపోగుల దర్శినితో గవీనిలోని రాయిని చూసినట్లు వ్రాశాడు. చూడటమే, తీయడం లేదు. దాన్ని ఇటూ అటూ తిప్పే వీలూ, నీరు పోనిచ్చే వీలూ లేవు. 1977లో గుడ్‌మన్ పిల్లల మూత్రాశయదర్శినినే పెద్దల గవీనిలోకి పోనిచ్చాడు. 1980లో మాడ్రిడ్‌లో పెరెజ్ కాస్ట్రో పిండం దాకా అందే పొడవైన దర్శిని చేయించాడు. అదే సంవత్సరం ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో బయటి నుంచే ఆఘాతతరంగాలతో రాయిని పగులగొట్టారు. ఆ వార్త ముందు దర్శినుల మాట కొంతకాలం వెనుకబడింది. చివరి అడుగు లేజరు. 1879లోనే, అంటే నిట్జె దీపం చూపిన ఏడాదే, స్వీడనులో క్లీవ్ హోల్మియం అనే మూలకాన్ని గుర్తించి తన నగరం స్టాక్‌హోం పేరు పెట్టాడు. ఆ హోల్మియం లేజరు 1990లలో రాళ్ళమీదికి వచ్చింది. దాని వెలుగును నీరు వెంటనే పీల్చుకుంటుంది కాబట్టి రాయిని పొడిచేస్తూ, కాస్త ఎడంగా ఉన్న గోడను వదిలేస్తుంది.

2019లో నాకూ వచ్చింది, కుడి ప్రక్కన. మూడోనాటికి నొప్పి పోయింది. వీధిలో పడ్డానని మా అమ్మాయి కోప్పడింది: "నొప్పి పోయింది సరే, రాయి పోయిందని ఎవరు చూసిండ్రు నాన్నా?" నాయన కథ దానికి నేనే చెప్పాను. స్కానులో తొమ్మిది మిల్లీమీటర్ల రాయి, మూత్రాశయానికి కొంచెం పైన. పిండం ఉబ్బి ఉంది. జ్వరం ఉందా అని వైద్యుడు రెండుసార్లు అడిగాడు. జ్వరం కూడా ఉంటే ముందు మూత్రానికి దారి ఇచ్చి, రాయి పని తరువాత చూస్తారట. నాకు లేదు. నాయన నాడు మేడ్చల్ చుట్టుప్రక్కల ఇటువంటి వైద్యం ఊహకందనిది. ఘనపూర్‌లో మెడిసిటీ ఆసుపత్రే 2002 నాటికి వచ్చింది. ఇప్పుడు ఆరోగ్యశ్రీ జాబితాలోనూ మూత్రపిండాల రాళ్ళ చికిత్సలున్నాయి.

నడుములో సూదిమందు ఇచ్చారు గనుక తెలివిగానే ఉండి తెరమీద చూశాను. గులాబిరంగు గుహ, నీటి పారుదల, ఎదురుగా పసుపుపచ్చని గరుకు రాయి. లేజరు తగిలినప్పుడల్లా మంచులా పొడి లేచింది. అథర్వణ ఋషి పేరు పెట్టిన దారిని అంత దగ్గరగా చూస్తానని అనుకోలేదు. అరగంట దాటినట్లు లేదు. లోపల ఒక డీజే స్టెంటు ఉంచారు. రెండు కొసలా వంపు తిరిగిన సన్నని గొట్టం అది. దాన్ని తీయించుకోవలసిన తేదీని ఎర్రసిరాతో వ్రాసిచ్చారు. మరచిపోయి ఏళ్ళ తరబడి ఉంచుకున్నవారికి దానిమీదనే రాళ్ళు కట్టి, మళ్ళీ శస్త్రచికిత్స అవసరమవుతుందట.

స్టెంటు తీసిన రోజున వైద్యుడు, ఒకటి రెండు రేణువులు పైన మిగిలి ఉండవచ్చు, నీరు బాగా త్రాగండి, మూడునెలల తరువాత స్కాను చేయించుకోండి అన్నాడు. రాతిపొడి రవంత మిగిలినా మళ్ళీ పెరుగుతుందని సుశ్రుతుడు చెప్పాడని నేనన్నాను. ఆయన నవ్వి, ఆ శ్లోకం వ్రాసివ్వమని కాగితం ఇచ్చాడు. వ్రాసిచ్చి, ఇంటికి వచ్చి, స్కాను తేదీని పంచాంగంలో గుర్తు పెట్టుకున్నాను.