నిస్సాన్ 240ఎస్‌ఎక్స్: డ్రిఫ్టింగ్ మార్పులు

1989 మోడల్‌గా అమెరికాలో అమ్మకానికి వచ్చిన స్పోర్ట్స్ కారు; జపాన్‌లోని సిల్వియా, 180ఎస్‌ఎక్స్‌లకు తోబుట్టువు. ఇంజన్ ముందుంటుంది, శక్తి వెనుక చక్రాలకు వెళ్తుంది, బరువూ తక్కువే. కారును అడ్డంగా జారిస్తూ నడిపే డ్రిఫ్టింగ్‌కు ఇంటి షెడ్డులో మలచుకునేవారు దీన్ని ఏరికోరి ఎంచుకోవడానికి కారణం అదే.

మొదటి పని వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్. మామూలుదైతే మలుపులో పట్టు తప్పిన చక్రమొక్కటే గిర్రున తిరుగుతుంది, రెండోది పెద్దగా నెట్టదు. కారు అడ్డంగా జారుతూ నిలవదు. లోపలి పళ్ల చక్రాలను వెల్డింగ్ చేస్తే వెనుక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఖర్చు నామమాత్రం. కాకపోతే ఇరుకు మలుపుల్లో టైర్లు కీచుమంటూ అరుగుతాయి, వెల్డు నాసిగా ఉంటే విరుగుతుంది. డబ్బుంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ మేలు. ఈ పనికి కారు కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మకూడదు, స్టాండ్లు తప్పనిసరి.

తరువాత కాయిలోవర్ సస్పెన్షన్, ముందు చక్రాలు మరింత తిరిగేలా మార్చిన స్టీరింగ్ నకిల్స్, హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్, బకెట్ సీటు. చాలామంది మొదటే జపాన్ టర్బో ఇంజన్ ఎస్‌ఆర్20డీఈటీ కోసం పరుగెత్తుతారు. నేర్చుకునేవారికి కారుతో వచ్చిన 2.4 లీటర్ల ఇంజనే చాలు; పాతబడిన రేడియేటర్ మాత్రం మార్చుకోవాలి.