టవరు లేచిన పదేళ్లకు

1942 ఆగస్టులో బొంబాయిలో ఇరవై రెండేళ్ల ఉషా మెహతా, ఆమె మిత్రులు దొంగచాటుగా కాంగ్రెస్ రేడియో మొదలుపెట్టారు. పోలీసులకు చిక్కకుండా ఇళ్లు మారుస్తూ నవంబరు దాకా నడిపి, చివరికి దొరికిపోయారు. తమాషా ఏమిటంటే, స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వమూ, అనుమతి లేకుండా రేడియో నడపనివ్వని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్నే పట్టుకు కూర్చుంది. రేడియో వేర్పాటువాదుల చేతిలో పడితే ఎలా అన్నది ఢిల్లీ బెంగ. అది ఉత్తుత్తి బెంగ కాదు. పొరుగునున్న శ్రీలంకలో తమిళ పులులు ఈలం అనే ప్రత్యేక దేశం కోసం సొంత రేడియోనే నడిపారు. కానీ ఆ బెంగకు మూల్యం చెల్లించింది వేరెవరో.

జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలు. కొర్రలు, జొన్నలు, విత్తనాల ముచ్చట్లు తమ యాసలోనే నలుగురికీ వినిపించాలని వాళ్ల కోరిక. యునెస్కో సాయంతో 1998 నాటికి మాచ్నూర్‌లో స్టూడియో, టవరు, ట్రాన్స్‌మిటర్లు సిద్ధమయ్యాయి. అనుమతి మాత్రం రాలేదు. మీట నొక్కితే నేరం! వాళ్లు నొక్కలేదు. కార్యక్రమాలను క్యాసెట్లలోకి ఎక్కించి సంఘాల కూటాల్లో వినిపించారు. ఏళ్ల తరబడి ఇదే పని. ఈ ఓపికే నాకు ఈ కథలో అన్నింటికన్నా పెద్ద సాహసంగా కనిపిస్తుంది.

అనుమతి కోసం ఆగనివాళ్లూ ఉన్నారు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటరుతో ‘మన రేడియో’ పెట్టారు. ఊరు దాటితే వినిపించదు. అయినా కొద్ది నెలలకే అధికారులొచ్చి సామాను పట్టుకెళ్లారు.

దారి ఇచ్చింది మాత్రం, చిత్రంగా, క్రికెట్. 1993 హీరో కప్ ప్రసార హక్కుల కోసం దూరదర్శన్‌కూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ వచ్చిన తగవు సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరిలో జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్న ధర్మాసనం గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ మాట తీర్పులో ఉన్నా ఊళ్లోకి రావడానికి పదకొండేళ్లు పట్టింది. స్వచ్ఛంద సంస్థలూ కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని 2006 నవంబరులో కేంద్రం ఒప్పుకుంది.

2008 అక్టోబరు 15న మాచ్నూర్‌లో సంఘం రేడియో గొంతు విప్పింది. ప్రారంభించింది జస్టిస్ సావంతే. విత్తనాలు, పాటలు, వైద్యం, ఏదైనా చెప్పుకోవచ్చు. సొంతంగా వార్తలు చదవడానికి మాత్రం ఆ అనుమతిలో చోటు లేదు.